లాగ్ తీస్తే నెలల సంఖ్య ఎలా వస్తుంది? నాకు 30 వచ్చింది, మా ఫ్రెండ్‌కి 35

డిప్లొమా_ఫస్టియర్:

అందరికీ నమస్కారం అండి. పాలిటెక్నిక్ ఫస్టియర్ చదువుతున్నాను, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇది సగం లెక్కల డౌటు, సగం ఇంటి గొడవ. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి కాబట్టి ఒకేచోట రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

మా నాన్న మిరప వేసిన ఏడాది ఊళ్లో తెలిసినాయన దగ్గర లక్ష రూపాయలు తెచ్చారు, రెండు రూపాయల వడ్డీకి, ప్రామిసరీ నోటు రాసి. మధ్యలో ఒక్క రూపాయి కూడా కట్టలేకపోయాం. వచ్చే నెలతో నోటుకి మూడేళ్లు నిండుతాయి, తిరగరాయాలని కబురొచ్చింది. మొన్న ఆదివారం ఆయన తరఫు మనిషి వచ్చి అరుగు మీద కూర్చుని, "రెండు రూపాయల వడ్డీ అంటే మూడేళ్లకి రెట్టింపు అయిపోద్దయ్యా, కొత్త నోటు రెండు లక్షలకి రాసెయ్, పైన ఉన్న చిల్లర వదిలేస్తానన్నారు" అని చెప్పి వెళ్లాడు. నాన్న తలూపి ఊరుకున్నారు. నాకెందుకో కుదరలేదు. నూటికి నెలకి రెండు, ఏడాదికి 24, మూడేళ్లకి 72, అంటే లక్షా డెబ్బై రెండు వేలే కదా అన్నాను. "అది బారు వడ్డీ అమ్మా, ఇది చక్రవడ్డీ" అన్నాడు.

సరే, చక్రవడ్డీ అయితే ఎన్ని నెలలకి రెట్టింపవుతుందో చూద్దామని రాత్రి కూర్చున్నా. నెలనెలా 1.02తో గుణించుకుంటూ పోవాలి కాబట్టి 1.02^ఎన్ = 2 అని రాసుకున్నా, ఎన్ అంటే నెలలు. క్లాసులో ఇలాంటిదొస్తే సార్ "రెండు వైపులా లాగ్ తీసుకోండి" అంటారు, పైనున్న ఎన్ కిందికి దిగుతుంది, తర్వాత భాగిస్తే అయిపోతుంది. అలాగే చేశా. ఎన్ = లాగ్ 2 ÷ లాగ్ 1.02. లాగ్ 2 అంటే 0.3010. లాగ్ 1.02 నొక్కితే 0.0086 వచ్చింది, రెండు దశాంశాలకి సరిచేస్తే 0.01. భాగిస్తే 30 నెలలు. అంటే రెండున్నరేళ్లకే రెట్టింపు, ఆ మనిషి చెప్పినదానికన్నా ఘోరం! మా ఫ్రెండ్ ఎల్ఎన్ బటన్ నొక్కి చేస్తే 35 వచ్చింది. ఇంకో అమ్మాయేమో లాగ్‌లో భాగహారమంటే తీసివేత కదా, లాగ్ 2 లోంచి లాగ్ 1.02 తీసెయ్యాలి అంది. అది చేస్తే 0.2924. అది నెలలెలా అవుతుంది?

ఎవరిది కరెక్టో చెప్పడంతో పాటు, అసలు లాగ్ అంటే ఏంటో, అది తీస్తే ఎన్ ఎందుకు కిందికి దిగుతుందో నాకు అర్థమయ్యేలా చెప్పండి. స్టెప్పులు వచ్చు, మార్కులూ వస్తున్నాయి, కానీ నాన్నకి చెప్పాలంటే నాకు అర్థం కావాలి కదా.

ఎంపీసీ_బెంచి:

ఇంత దూరం ఎందుకు, 72 రూలు ఉంది కదా. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే రెట్టింపయ్యే కాలం వచ్చేస్తుంది. నెలకి 2 శాతం కాబట్టి 72 ÷ 2 = 36 నెలలు. సరిగ్గా మూడేళ్లు. ఆయన చెప్పింది కరెక్టే.

లెక్కల_మాస్టారు:

అమ్మా, ముందు నీ 30 ఎక్కడ పుట్టిందో చెప్తాను, అది తెలిస్తే సగం భయం పోతుంది. నీ పద్ధతి అంతా సరిగ్గానే ఉంది. 0.0086ని 0.01 చేశావు చూడు, అక్కడ పోయింది. ఆ ఒక్క సవరణతో కింద ఉన్న సంఖ్యని పదహారు శాతం పెంచేశావు. రెండు దశాంశాలకి సరిచేయడం రూపాయి పైసల్లో బాగుంటుంది, ఇక్కడ ఆ రెండు సున్నాలు ఉత్తగా చోటు చూపించేవే, విలువున్న అంకెలు 8, 6. వాటినే తుడిచేశావు. భాగించేది చిన్న సంఖ్య అయినప్పుడు దాంట్లో వెంట్రుకంత తేడా వచ్చినా జవాబులో నెలలకి నెలలు ఎగిరిపోతాయి. 0.3010 ÷ 0.0086 చేసి చూడు, 35 వస్తుంది. మీ ఫ్రెండ్‌దీ అదే. ఇద్దరూ ఒకే లెక్క చేశారు, ఆమె సరిచేయలేదు, అంతే. మేం చదువుకునే రోజుల్లో లాగ్ టేబుల్ పుస్తకంలో 10 వరసలో 2 కింద చూస్తే 0086 అని నాలుగంకెలూ ఉండేవి, అవి నాలుగూ రాయకుండా ముందుకెళ్తే మార్కులు పోయేవి. ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పాను, ఈ తప్పు ఎంతమంది చేశారో లెక్కలేదు, కాబట్టి నొచ్చుకోకు.

ఇక లాగ్ అంటే ఏంటంటే, పదో తరగతిలో నువ్వు సంవర్గమానం అని చదివినదే. అది "ఎన్ని?" అనే ప్రశ్నకి జవాబు. 100 రావాలంటే ఎన్ని పదులు గుణించాలి? రెండు. అందుకే లాగ్ 100 = 2. 1000కి మూడు. మరి 2 రావాలంటే ఎన్ని పదులు? ఒక్క పది కూడా అక్కర్లేదు, పదిలో కొంత ముక్క చాలు. ఎంత ముక్కో చేత్తోనే తెలుసుకోవచ్చు. రెండుని పదిసార్లు వేసి గుణించు, 1024 వస్తుంది. అది ఇంచుమించు 1000, అంటే మూడు పదులు గుణించినంత. పది రెండ్లు కలిసి మూడు పదులకి సరితూగితే ఒక్కో రెండు వాటా 0.3. నువ్వు పట్టికలో చూసే 0.30103 ఇదేనమ్మా. పైన 24 ఎక్కువుంది కదా, ఆ చివరి 0.00103 దానికోసం.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. గుణకారం చేస్తున్నప్పుడు ఈ "ఎన్ని పదులు" అనేవి కూడుకుంటాయి. 100 × 1000 చేస్తే రెండూ మూడూ ఐదు పదులు. అలాగే నీ అప్పుని ఒక నెలకి 1.02తో గుణించావంటే లాగ్‌లో 0.0086 కూడావు. రెండో నెల ఇంకో 0.0086. ఎన్ నెలలైతే ఎన్ సార్లు 0.0086, అంటే ఎన్ × 0.0086. మీ సార్ "ఎన్ కిందికి దిగుతుంది" అనేది దీన్నే. అందులో గారడీ ఏమీ లేదు, ఎన్నోసార్లు గుణించడం ఎన్నోసార్లు కూడడం అయింది, ఎన్నోసార్లు కూడడాన్ని మనం గుణకారంగా రాస్తాం.

మల్లెపూల దండ అనుకో. బుట్టలో ఉన్న దండ మొత్తం పొడవు 0.3010. పూలామె మూర 0.0086. దండ ఎన్ని మూరలు వస్తుంది? దండ పొడవుని మూర పొడవుతో భాగించాలి. 35 మూరలు. మీ ఇంకో ఫ్రెండ్ తీసివేసింది కదా, ఒక మూర కోసి ఇచ్చాక బుట్టలో మిగిలిన దండ పొడవు ఆమెకి వచ్చింది, మూరల సంఖ్య కాదు. 0.2924 తప్పు సంఖ్యేమీ కాదు, అది మొదటి నెల గడిచాక రెట్టింపుకి ఇంకా మిగిలిన దూరం. "భాగహారమంటే తీసివేత" అనే సూత్రం లాగ్ లోపల భాగహారం ఉన్నప్పుడు, అంటే లాగ్ (2 ÷ 1.02) ఉన్నప్పుడు. ఇక్కడ రెండు లాగ్‌లు బయట ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, ఆ సూత్రం వర్తించదు. ఈ రెండూ చూడ్డానికి ఒకలా ఉంటాయి కాబట్టి పిల్లలు ఏటా ఇక్కడే జారిపడతారు.

ఎల్ఎన్ సంగతి కూడా దండతోనే తేలిపోతుంది. దండనీ మూరనీ ఇంచీల్లో కొలిస్తే ఒక అంకె, సెంటీమీటర్లలో కొలిస్తే ఇంకో అంకె, కానీ ఎన్ని మూరలన్నది మారుతుందా? ఎల్ఎన్ అనేది వేరే టేపు. మామూలు లాగ్‌ని 2.3026తో గుణిస్తే ఎల్ఎన్ వస్తుంది, పైనా కిందా అదే గుణకం కాబట్టి కొట్టేసుకుంటుంది. 0.6931 ÷ 0.0198, అదీ 35. పైన ఒక టేపు, కింద ఇంకో టేపు మాత్రం వాడొద్దు.

జవాబు వచ్చాక వెనక్కి పెట్టి చూసుకోవడం అలవాటు చేసుకో. లక్షని 35 సార్లు 1.02తో గుణిస్తే 1,99,989 రూపాయలు. రెండు లక్షలకి పదకొండు రూపాయలు తక్కువ. అసలు విలువ 35.003 అన్నమాట.

ఎంపీసీ తమ్ముడికి: 72 రూలు నోటి లెక్కకి మంచిదే, నేనూ వాడతాను. అయితే అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. ఎల్ఎన్ 2 = 0.693, అంటే 69.3 రావాలి. నూటికి 8 చుట్టుపక్కల వడ్డీలకి 72 పెడితే బాగా సరిపోతుంది, పైగా 72ని చాలా సంఖ్యలు నిశ్శేషంగా భాగిస్తాయి. 8 శాతానికి 9 ఏళ్లు అంటుంది, అసలూ 9.006. కానీ ఇదే అప్పుని ఏడాదికి 24 శాతం అని పెట్టి 72 ÷ 24 = 3 ఏళ్లు అంటే తప్పు, మూడేళ్లకి 1.24 × 1.24 × 1.24 = 1.9066 దగ్గరే ఆగుతుంది. ఒక కుటుంబం రెండు లక్షలకి సంతకం పెట్టాలా వద్దా అన్నప్పుడు అంచనా లెక్క సరిపోదు నాన్నా. పైగా 36 నెలలకి రెట్టింపనడం నెలనెలా చక్రం తిరిగితేనే. అలా తిరగాలని ఒప్పందం ఉందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని లాగ్ తేల్చదు.

ఒక్క ముచ్చట చెప్పి ఆపుతాను. తొమ్మిదో శతాబ్దంలో వీరసేనుడనే జైన పండితుడు అర్ధచ్ఛేదం అనే మాట వాడాడు. ఒక సంఖ్యని ఎన్నిసార్లు సగం చేస్తే 1కి దిగుతుందో అది దాని అర్ధచ్ఛేదం. 32కి 5. ఇది రెండు ఆధారంగా ఉన్న లాగే. మూడు భాగాలు చేసేదానికీ, నాలుగు భాగాలు చేసేదానికీ కూడా వేరే పేర్లు పెట్టారు. పట్టికలుగా అచ్చులోకి వచ్చింది 1614లో, స్కాట్లండ్‌లో జాన్ నేపియర్ చేతుల మీదుగా. మరుసటి ఏడాది హెన్రీ బ్రిగ్స్ లండన్ నుంచి అంత దూరం ప్రయాణం చేసి ఆయన్ని కలిశాడు. ఆధారం పది పెట్టుకుంటే వాడకానికి సులువని ఇద్దరూ అనుకున్నాక, 1617లో బ్రిగ్స్ మొదటి వెయ్యి సంఖ్యలకి లాగ్‌లు అచ్చు వేయించాడు. నువ్వు ఫోనులో నొక్కేది ఆ లాగే.

డిప్లొమా_ఫస్టియర్:

సార్, మూరల మాట చదివాక నిజంగా వెలిగింది. అమ్మకి చెప్తే అమ్మకి కూడా అర్థమైంది. ఒక మూర కోసేస్తే మిగిలింది దండే కానీ మూరల లెక్క కాదు అన్నప్పుడు, ఆ తీసివేత ఎందుకు తప్పో ఇక జన్మలో మర్చిపోను.

అయితే చక్రవడ్డీ అని ఒప్పుకుంటే 36వ నెలకి రెండు లక్షలు దాటేసినట్టే కదా. లక్షని 1.02^36తో గుణిస్తే 2,03,989 వచ్చింది. ఆయన 3,989 వదిలేసి రెండు లక్షలు అంటున్నారు. అంటే న్యాయంగానే అడుగుతున్నట్టా?

యార్డు_గుమస్తా:

చెల్లెమ్మా, నేను గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో పద్దులు రాస్తాను, పద్దెనిమిదేళ్ల నుంచి ఇదే పని. మాస్టారు లాగ్ గురించి చెప్పింది అక్షరాలా నిజం. నేను చెప్పేది ఆ 1.02^ఎన్ అని రాసుకోక ముందే చూడాల్సినది.

రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి అని అందరికీ తెలుసు. ఆ వడ్డీ అసల్లో ఎప్పుడు కలుస్తుంది అన్నది మాత్రం ఎవరూ నోరు తెరిచి అడగరు. డబ్బంతా అక్కడే ఉంది. మీ లక్షనే తీసుకుని, రెట్టింపు ఎప్పుడవుతుందో నాలుగు రకాలుగా వేశాను చూడండి.

బారు వడ్డీ అయితే నెలకి రెండు వేలు, లక్ష రావడానికి 50 నెలలు. దీనికి లాగ్ అక్కర్లేదు, ఎన్ పైన లేదు కాబట్టి. నెలనెలా కలిపితే మీరు చేసిన 35. ఏడాదికోసారి కలిపితే 1.24^ఎన్ = 2, లాగ్ 2 ÷ లాగ్ 1.24 అంటే 0.30103 ÷ 0.09342, 3.22 ఏళ్లు, నెలల్లో 38.67. ఇక్కడ ఒక మెలిక ఉంది, పుస్తకాల్లో ఉండదు. లాగ్ లెక్క ఏడాది మధ్యలో కూడా అప్పు చక్రంలాగే పెరుగుతుందనుకుంటుంది. మేం కొట్లో అలా వెయ్యం. మూడేళ్లు నిండేసరికి 1,90,662 అయింది, ఇంకా కావాల్సింది 9,338. నాలుగో ఏడు మొదలయ్యాక మళ్లీ ఏడు నిండేదాకా బారు వడ్డీయే, నెలకి 3,813 చొప్పున. అలా చూస్తే రెండున్నర నెలల లోపే వచ్చేస్తుంది, మొత్తం 38.45. తేడా చిన్నదే కానీ పద్దులో అడిగితే మాత్రం చెప్పగలగాలి. కాబట్టి లాగ్‌తో పూర్తి ఏళ్లు ఎన్నో పట్టుకోండి, ఆ మీద మిగిలిన నెలలు బారు వడ్డీతో వేసుకోండి.

నాలుగోది మన ఊళ్లలో ఎక్కువగా జరిగేది. నోటు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అందుకే మూడేళ్ల లోపు తిరగరాయిస్తారు. తిరగరాసేటప్పుడు అప్పటిదాకా అయిన వడ్డీ కలిపి కొత్త అసలు వేస్తారు. అంటే చక్రవడ్డీ అని ఎక్కడా రాయకపోయినా మూడేళ్లకోసారి చక్రం తిరిగినట్టే. మీ లక్ష మొదటిసారి 1,72,000 అవుతుంది, ఆ మీద నెలకి 3,440, ఎనిమిది నెలల చిల్లరకి రెండు లక్షలు. మొత్తం 44 నెలలు.

అదే లక్ష పది లక్షలయ్యేది ఎప్పుడని చూడండి. పదికి లాగ్ 1 కాబట్టి లెక్క ఇంకా సులువు. నెలనెలా చక్రమైతే 1 ÷ 0.0086, 116 నెలల పైన, అంటే పదేళ్ల లోపే. మూడేళ్లకోసారైతే 1 ÷ లాగ్ 1.72, అంటే 1 ÷ 0.2355, 4.25. నాలుగుసార్లు తిరగరాశాక ఐదో నోటు మొదటి ఏడాదిలోనే, పన్నెండేళ్ల ఏడు నెలలకి. బారు వడ్డీ అయితే 450 నెలలు, ముప్పై ఏడున్నరేళ్లు. మూడింటికీ పేరు రెండు రూపాయల వడ్డీయే! మా నాన్నగారి నోట్లు కూడా ఇలా తిరగరాస్తూ పోయినవే, ఎకరం అమ్మాకగానీ తెగలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మీ విషయానికొస్తే, ఆ వచ్చిన మనిషి నెలనెలా చక్రం వేశాడని మీ 2,03,989 లెక్కతోనే తెలిసిపోతోంది. ఇక నోటు తీసి చదవండి. చక్రవడ్డీ అనో, వడ్డీని అసల్లో కలుపుకోవచ్చనో అందులో రాసి ఉందా చూడండి. లేకపోతే బారు వడ్డీయే, మూడేళ్లకి లక్షా డెబ్బై రెండు వేలు. కుదిరితే ఎంతో కొంత వడ్డీ ఇప్పుడే కట్టి, ఆ కట్టింది నోటు వెనక చెల్లు రాయించి, మిగిలినదానికే కొత్త నోటు రాయండి. పాత నోటు చేతికి తీసుకున్నాకే కొత్తదాని మీద సంతకం. ఇది గట్టిగా చెప్పండి నాన్నగారికి.

డిప్లొమా_ఫస్టియర్:

అన్నా, చాలా థాంక్స్. నోటు ఆయన దగ్గరుంది కానీ నాన్న అప్పట్లో జిరాక్స్ తీయించి బీరువాలో పెట్టారు, ఇప్పుడే తీసి చదివా. "నా కుటుంబ ఖర్చుల నిమిత్తం" అని మొదలుపెట్టి, "నెల 1కి వంద 1కి రూ. 2లు చొప్పున వడ్డీతో సహా మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను" అని ఉంది. చక్రవడ్డీ అన్న మాట ఎక్కడా లేదు. రెండుసార్లు చదివా, నాన్నతో కూడా చదివించా.

ఇంకొక్క డౌటు, ఇది క్లాసుది. నిన్న ఇచ్చిన హోంవర్కులో 4^ఎన్ − 2^ఎన్ = 6 అని ఉంది. అన్నిటికీ లాగ్ తీసి ఎన్ × లాగ్ 4 − ఎన్ × లాగ్ 2 = లాగ్ 6 అని చేస్తే 2.585 వచ్చింది. మాస్టారు చెప్పినట్టు వెనక్కి పెట్టి చూస్తే 30 వస్తోంది, 6 రావట్లేదు. ఈసారి ఎక్కడా సరిచేయలేదు కూడా!

ట్యూషన్_అక్క:

వెనక్కి పెట్టి చూశావు చూడు, దానికే సగం మార్కులు ఇవ్వొచ్చు. నేను హనుమకొండలో ఇంటి దగ్గర పిల్లలకి చెప్తుంటా, ఈ తప్పు వారానికోసారి దిద్దుతా.

లాగ్ గుణకారాన్ని కూడిక చేస్తుంది అని మాస్టారు చెప్పారు కదా. కూడికనీ తీసివేతనీ అది ఏమీ చెయ్యదు. 4^ఎన్ − 2^ఎన్ కి లాగ్ తీయాలంటే ఆ మొత్తం తేడాకి కలిపి ఒకటే లాగ్ తీయాలి, ముక్కముక్కకీ విడిగా పంచడానికి లేదు. నువ్వు చేసిన లెక్క అసలు ఏ ప్రశ్నకి జవాబో తెలుసా? 4^ఎన్ ÷ 2^ఎన్ = 6 అన్నదానికి. అది 2^ఎన్ = 6, దాని జవాబు 2.585, అక్షరాలా కరెక్ట్. కానీ మీ సార్ అడిగింది అది కాదు.

ఇలాంటిది కనిపిస్తే ముందు లాగ్ జోలికి పోకు. 4 అంటే రెండు రెళ్లు, కాబట్టి 4^ఎన్ అంటే 2^ఎన్ ని దాంతోనే గుణించినది. 2^ఎన్ ని వై అనుకో. వై × వై − వై − 6 = 0. ఇది నీకు వచ్చిన వర్గ సమీకరణమే, (వై − 3)(వై + 2) = 0. వై 3 అయినా కావాలి, −2 అయినా కావాలి. రెండుని ఎన్నిసార్లు గుణించినా, సగం సార్లు గుణించినా, భాగించినా రుణ సంఖ్య రాదు, కాబట్టి −2 కొట్టెయ్. మిగిలింది 2^ఎన్ = 3. ఇప్పుడు తియ్యి లాగ్. 0.4771 ÷ 0.3010 = 1.585. వెనక్కి పెట్టు, 4^ఎన్ 9 అవుతుంది, 2^ఎన్ 3, తేడా 6.

రెండు వైపులా ఎన్ ఉన్నా భయపడొద్దు. 2^(ఎన్+1) = 3^ఎన్ అనుకో. (ఎన్ + 1) × లాగ్ 2 = ఎన్ × లాగ్ 3. లాగ్ 2, లాగ్ 3 అంటే ఉత్త సంఖ్యలే, 5, 7 లాంటివే అనుకుని ఎన్‌లన్నీ ఒకవైపు తెచ్చుకో. 0.30103 ÷ 0.17609 = 1.7095. రెండు వైపులా 6.54 వస్తుంది. బ్రాకెట్ పెట్టడం మాత్రం మర్చిపోకు, ఎన్ + 1 × లాగ్ 2 అని రాసి మార్కులు పోగొట్టుకున్న పిల్లలు నా దగ్గరే బోలెడు మంది.

ఇంకోటి, 5 × 2^ఎన్ = 40 లాంటిది వస్తే ముందు 5తో భాగించేయ్. 5 × 2 = 10 కాబట్టి 10^ఎన్ అని రాసేవాళ్లున్నారు, ఆ ఎన్ రెండు మీదే కూర్చుంది, ఐదు మీద కాదు. 2^ఎన్ = 8, ఎన్ = 3, లాగ్ కూడా అక్కర్లేదు. నీ అప్పు లెక్కలో కూడా 1,00,000 × 1.02^ఎన్ = 2,00,000 నుంచి లక్షతో భాగించాకే కదా 1.02^ఎన్ = 2 వచ్చింది, అదే పని.

తగ్గేవాటికి కూడా ఇంతే. బండి విలువ ఏడాదికి పది శాతం తగ్గుతుంటే సగం ఎప్పుడవుతుంది అంటే 0.9^ఎన్ = 0.5. రెండు లాగ్‌లూ రుణంలో ఉంటాయి, −0.3010 ÷ −0.0458, ఆరున్నరేళ్లు దాటాక. సమీకరణంలో ఇబ్బందేం లేదు కానీ "కంటే తక్కువ" గుర్తు ఉన్న లెక్కల్లో రుణ సంఖ్యతో భాగిస్తున్నావు కాబట్టి గుర్తు తిప్పాలి.

ఎంపీసీ_బెంచి:

మాస్టారూ, 24 శాతానికి 72 రూలు అంత తేడా కొడుతుందని నాకు తెలీదు, ఇప్పుడే వేసి చూశా. అక్కా, ఆయన చెప్పింది కరెక్టే అని తొందరపడి రాసేశాను, సారీ. నోటులో ఏముందో అడగాలన్న ఆలోచనే రాలేదు.

డిప్లొమా_ఫస్టియర్:

పర్లేదు తమ్ముడూ, నేను 30 అన్నదానికన్నా నీ 36 నయమే కదా.

హోంవర్కు అయిపోయింది అక్కా, మీరు చెప్పిన 2^(ఎన్+1) = 3^ఎన్ కూడా చేశా, రెండు వైపులా 6.54 వచ్చింది, చూసుకున్నా. ఆదివారం ఆ మనిషి మళ్లీ వస్తానన్నారు. ఒక తెల్లకాగితం మీద నాలుగు లెక్కలూ వరసగా వేశాను, 50 నెలలు, 44, 38, 35 అని. కింద మూడేళ్లకి బారు వడ్డీతో 1,72,000, నెలనెలా చక్రమైతే 2,03,989 అని రాసి, నోటు జిరాక్స్‌లో ఆ వడ్డీ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశా. నాన్న రెండూ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ధాన్యం డబ్బుల్లోంచి ఇరవై వేలు వడ్డీ కింద ఆరోజే కట్టి, నోటు వెనక చెల్లు రాయించి, మిగిలిన లక్షా యాభై రెండు వేలకే కొత్త నోటు రాస్తానని అంటున్నారు.